ఋతుపర్ణుని లెక్కయు సంతలోని గుండాటయు

తూర్పు కనుమలలో, అనంతగిరి మొదలు పాడేరు దాక పరచుకొన్న అడవులందు తానిచెట్టు కానవచ్చును. కరక్కాయతోను ఉసిరికాయతోను కలిసి త్రిఫల చూర్ణమగు తానికాయను మన వైద్యులందరు ఎరుగుదురు. కాని ఎండి రాయివలె గట్టిపడిన ఈ కాయయే వేదకాలమున జూదరుల చేతి పాచిక యనియు, ఋగ్వేదము పదవ మండలమున సర్వస్వము పోగొట్టుకొన్న జూదరి శోకించినది ఈ కాయలను తలచుకొనియే యనియు ఎరిగినవారు కొలదిమంది మాత్రమే. ఆనాటి ఆటలో కాయల రాశినుండి కొన్నింటిని తీసి నాలుగేసి చొప్పున లెక్కించెడివారనియు, మిగిలిన శేషమును బట్టి కృత, త్రేత, ద్వాపర, కలి యను ఫలములను నిర్ణయించెడివారనియు పండితుల అభిప్రాయము. రాశిని చూచిన తక్షణమే అందెన్ని కాయలున్నవో గ్రహింపగల వానిదే అందు గెలుపు.

నలోపాఖ్యానమునందలి ఒక ఘట్టమునకు అర్థము ఇక్కడ తెలియుచున్నది. నన్నయభట్టు తెనుగు చేసిన అరణ్యపర్వ భాగములోనిదే ఈ కథ. జూదమున రాజ్యము కోల్పోయి, బాహుకుడను పేర అయోధ్యాధిపతియగు ఋతుపర్ణుని కొలువున సారథియై యున్న నలుడు విదర్భకు రథము తోలుచుండగా, ఋతుపర్ణుడు దారిలోని తానిచెట్టును చూచి, దాని రెండు కొమ్మలయందు 5 కోట్ల ఆకులును 2,095 కాయలును కలవని చెప్పినట్లు సంస్కృత భారతము పలుకుచున్నది. నలుడు నమ్మక, రథము నిలిపి, చెట్టును నరికి లెక్కింపగా కాయల సంఖ్య సరిపోయెను. కొంత చూచి మొత్తమును అంచనా కట్టు విద్యయును, పాచికల మర్మమెరిగిన అక్షహృదయమును ఒకే రాజునందు కూర్చిన ఆ కథకుడు, గణనమునకును జూదమునకును గల చుట్టరికమును స్పష్టముగా గుర్తించినవాడు. ఐరోపాలోనైతే గణితవేత్తలగు పాస్కల్, ఫెర్మాలు పందెపు సొమ్ము పంపకమును గూర్చి ఉత్తరములు వ్రాసికొని సంభావ్యతా గణితమునకు పునాది వేసినది 1654లో.

అయితే తానికాయల ఆటకును నేటి ఆటలకును ఒక మౌలికమైన భేదము కలదు. అందు లెక్క నేర్చినవాడు గెలిచెడివాడు. ఇందు లెక్క నేర్చినవాడు తాను గెలువజాలనని మాత్రమే తెలిసికొనును. దీనికి నిదర్శనముగా, కోస్తా గ్రామముల సంక్రాంతి బరులలోను, ఏజెన్సీ ప్రాంతపు సంతల యొద్దను కోడిపందెములను అంటిపెట్టుకొని సాగెడి గుండాటను పరిశీలింతము. ఆరు గడుల బోర్డు పరచుదురు. గడులలో అంకెలైనను బొమ్మలైనను ఉండును. వచ్చినవారు తమకు తోచిన గడిపై సొమ్ము కాయుదురు. ఆడించువాడు డబ్బాలో పాచికలు కదిపి బోర్లించి తీయును. పాచికల సంఖ్యయు చెల్లింపు పద్ధతియు చోటును బట్టి మారును గనుక, లెక్కకు అనువుగా మూడు పాచికల పద్ధతిని గ్రహింతము: కాసిన బొమ్మ ఒకసారి పడిన రూపాయికి రూపాయి, రెండుసార్లు పడిన రెండు, మూడుసార్లు పడిన మూడు రూపాయలు లాభము, పడకున్న కాసిన రూపాయి పోవును.

కాయువాని ఆలోచన ఇట్లుండును: “బొమ్మలు ఆరు, పాచికలు మూడు, కావున నా బొమ్మ పడుటకు సగము అవకాశము కలదు. రెండు పడినచో పైలాభము.” ఈ ఊహ చూడ ఎంత సబబుగా నున్నదో వాస్తవమున అంత తప్పు. మూడు పాచికలు పడగల విధములు 6×6×6, అనగా 216. అందు మన బొమ్మ అసలు పడని విధములు 5×5×5, అనగా 125. ఒకమారు పడునవి 75, రెండుమార్లు పడునవి 15, మూడుమార్లు పడునది ఒక్కటి. 216 మార్లు రూపాయి చొప్పున కాసిన వానికి సగటున 75, 30, 3 కలిసి 108 రూపాయలు వచ్చును, 125 పోవును. నికర నష్టము 17 రూపాయలు, అనగా రూపాయికి దాదాపు 8 పైసలు. వంద రూపాయల చొప్పున వంద పందెములు కాసిన వాని జేబునుండి సగటున 787 రూపాయలు వెడలిపోవును.

ఈ సొమ్ము ఏ సందున జారుచున్నదో ఆడించువాని వైపునుండి చూచిన తేటపడును. ఆరు గడులలోను రూపాయి చొప్పున ఉన్నదనుకొందము. మూడు పాచికలు మూడు వేర్వేరు బొమ్మలు చూపినచో అతడు మూడు గడుల సొమ్ము తీసికొని మూడు రూపాయలు చెల్లించును, మిగులు లేదు. జంట పడినచో నాలుగు రూపాయలు తీసికొని మూడే చెల్లించును. మూడును ఒకటే అయినచో ఐదు తీసికొని మూడు చెల్లించును. కావున జనులు కేరింతలు కొట్టెడి జంటలును త్రికములునే ఆడించువాని జీవనాధారము! మోసపు పాచికలు అతనికి అవసరమే లేదు. న్యాయమైన పాచికలే అతనిని పోషించును.

ఇక ఉపాయముల మాట. “పది ఆటలనుండి ఆ బొమ్మ పడలేదు, ఈసారి పడక తప్పదు” అను మాట ప్రతి పందెపు చోటను వినవచ్చును. పాచికకు జ్ఞాపకము లేదు. పది ఆటల పిమ్మటను ఆ బొమ్మ పడు అవకాశము 216లో 91 మాత్రమే. ఓడినప్పుడెల్ల పందెము రెట్టించిన ఎప్పటికైనను అసలు దక్కునను ఉపాయము మరింత ప్రమాదకరమైనది. పది రూపాయలతో మొదలిడి వరుసగా ఏడుమార్లు ఓడిన వానికి పోయిన సొమ్ము 1,270 రూపాయలు. ఎనిమిదవ పందెమునకు 1,280 కావలెను. గెలిచినను మిగులునది తొలి పది రూపాయలే, జంట పడిననే అంతకుమించి వచ్చును. ఏడు వరుస ఓటములు ఇంచుమించు 46 ప్రయత్నములలో ఒకమారు సంభవించును. కూలి డబ్బుతో వచ్చిన మనుజునకు ఆ ఒక్కమారే చాలును.

లాటరీయందును ఇదే గణితము, సంఖ్యలు మాత్రము పెద్దవి. నేడు ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణలోను ప్రభుత్వ లాటరీలు లేవు. కేరళ ప్రభుత్వము 1967లో లాటరీ శాఖను నెలకొల్పి, 1968 జనవరి 26న తొలి డ్రా తీసినది. 1998నాటి కేంద్ర చట్టము ఒంటి అంకెపై బహుమతులీయరాదని నిషేధించినది. పదింట ఒక అవకాశము చేతికందునట్లే తోచి, పేదవానిని పదేపదే కౌంటరు వద్దకు ఈడ్చుకొనివచ్చును గదా! విదేశములందు మన తెలుగువారికి ఎదురగు లాటరీలలో ఒక ప్రసిద్ధమైన పద్ధతి 49 అంకెలనుండి ఆరింటిని ఎన్నుకొనుట. అట్టి ఎన్నికలు 1,39,83,816 కలవు. అరకు కాఫీగింజలను సుమారు రెండు టన్నులు రాశిపోసి, అందొక గింజకు గుర్తుపెట్టి, కన్నులు మూసి చేయిడిన తొలిసారియే దానిని పట్టుట ఎంత సులభమో మొదటి బహుమతియు అంత సులభము.

ఆ ఆరు అంకెలు పుట్టినతేదీ యైనను, జన్మనక్షత్రమును బట్టి తీసినవైనను, ఒకటినుండి ఆరువరకు వరుసగా వ్రాసినవైనను గెలుపు అవకాశమున లేశమంతయు మార్పులేదు. బహుమతిని విజేతలు పంచుకొను లాటరీలలో ఒక చిన్న భేదము మాత్రము కలదు: పలువురు పుట్టినతేదీలను నమ్మి 31 లోపు అంకెలనే కోరుదురు గనుక, అంతకు మించిన అంకెలు కోరినవాడు గెలిచిన పక్షమున వాటాదారులు తగ్గవచ్చును. ఈ యుక్తి పంపకమును మార్చును గాని గెలుపును దగ్గర చేయదు.

మన న్యాయస్థానములును నేర్పునకును అదృష్టమునకును భేదము నెంచినవి. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు వ్యవహారమున సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పుచు, రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడిన ఆట యనియు, మూడు ముక్కలాట కేవలము అదృష్టముపై ఆధారపడినదనియు పేర్కొన్నది. ఈ తూకమున గుండాటయు లాటరీయు ఏ వైపునకు చెందునో వేరుగా చెప్పనక్కరలేదు.

అదృష్టపు గణితము జూదమునకే పరిమితమనుకొనుట పొరపాటు. తూర్పు కనుమల దిగువ విశాఖపట్నమున, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరి, 1945లో ప్రకటించిన వ్యాసముతో ప్రపంచ గణాంకశాస్త్రమున శాశ్వత స్థానము పొందిరి. కొంత చూచి మొత్తమును చెప్పునప్పుడు పొరపాటు ఎంతకంటె తగ్గింపశక్యము కాదో ఆ వ్యాసము నిరూపించినది. పంటల దిగుబడిని, రోగముల వ్యాప్తిని, ఔషధముల గుణమును నేడు మనము ఈ శాస్త్రముతోనే కొలుచుచున్నాము. ఋతుపర్ణుని విద్యకు ఇది సార్థకమైన వారసత్వము.

మన్యమునందలి ఆశ్రమ పాఠశాలలలో ఈ పాఠమును చెప్పవలెనని నా దృఢమైన విశ్వాసము. మూడు పాచికలును ఒక నోటుపుస్తకమును చాలును. జూదమాడరాదను హితబోధ ఈ చెవినుండి ఆ చెవికి పోవచ్చును. 216 విధములను తన చేతితో వ్రాసి, ఓటముల కెదురుగా 125 గీతలు గీసిన బాలిక తాను కనుగొన్న దానిని మరువదు, పందెము కాయబోవు తండ్రికి సైతము ధైర్యముగా వివరింపగలదు. ఈ పాఠము అందరకు అందవలసిన హక్కు. గుండాట బోర్డు పరచువానికి తెలిసిన లెక్క దానిముందు కూర్చున్న వానికి తెలియకుండుట అన్యాయము.