కంప్యూటరునకు కన్ను



అనంతపురపు మెట్టనేలలో పుట్టి పెరిగినవారికి ఒక గుణము సహజముగా అబ్బును. ఇంట నున్న వస్తువును మూల పడవేయక పది పనులకు వాడుకొనుటయే ఆ గుణము. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు సీమ యిది. పడమటి కనుమలు నైఋతి ఋతుపవనమును అడ్డగించును. ఈశాన్య ఋతుపవనము ఇంత దూరము చేరునప్పటికి బలహీనపడును. ఇట్టి నేలపై వేరుసెనగ నమ్ముకొని బ్రదుకు సంసారి కొత్త వస్తువు కొనుటకు ముందు, ఉన్న వస్తువు ఆ పనికి వచ్చునా యని చూచును. నేడు నేను చెప్పదలచినదియు అట్టి సంగతియే. చేతిలోని స్మార్టు ఫోనును యు.ఎస్.బి. తీగతో కంప్యూటరునకు తగిలించి, దానినే కంప్యూటరు కెమేరాగా వాడుకొనవచ్చును. అది యెందులకు అవసరము? ఎట్లు చేయవలెను? ఎందు జాగ్రత్త వహింపవలెను? ఈ మూడు ప్రశ్నలకును వరుసగా సమాధానము చెప్పెదను.

మొదట అవసరమును గుఱించి. 2020 మార్చిలో కోవిడు మూలమున పాఠశాలలు, కళాశాలలు మూతపడగా చదువు తెరమీదికి ఎక్కినది. ప్రపంచమంతట వెబ్ కెమేరాలకు ఒక్కమారుగ గిరాకి పుట్టి, అంగళ్లలో సరకు దొరకలేదు. ఆ గడ్డుకాలము గడచినది. అలవాటు మాత్రము నిలిచినది. బెంగళూరి కంపెనీలు పలువురను ఇంటి నుండియే పరీక్షించి మాటలాడుచున్నవి. అనంతపురము నుండి బెంగళూరికి 200 కిలోమీటర్లకు పైబడిన దారి. కల్యాణదుర్గము ప్రాంతపు పల్లెలో నేనెఱిగిన ఒక విద్యార్థిని కలదు. ఆమె యింట మరొకరు వాడి విడిచిన పెద్ద కంప్యూటరున్నది. దానికి కెమేరా లేదు. పరీక్ష వ్రాయునంతసేపును ముఖము కనబడవలెనని నిబంధన. గూటిలో నొక పాత ఫోను పడియున్నది. దాని తెర పగిలినది గాని కెమేరా చెడలేదు. ఆ ఫోనును, ఒక తీగను జతపఱచగా పని గడచినది. బెంగళూరికి పోవలసియుండినచో ఆమెకు తోడుగా తల్లియు కదలవలసినదే. ఇరువురి బస్సు ఖర్చును, తల్లి కూలియు మిగిలినవి. ఎవరికో ఇది చిన్న మొత్తము కావచ్చును. ఆ యింటికి కాదు.

"ఫోనులోనే ముఖములు చూచి మాటలాడుకొనవచ్చును గదా, కంప్యూటరెందులకు?" అని మీరడుగవచ్చును. బెంగళూరిలో కట్టడపు పనికి పోయిన తండ్రి సాయంకాలము పిల్లలను చూచుకొనుటకు ఫోనొక్కటియే చాలును. కాని పరీక్ష వ్రాయువానికి పెద్ద తెర, అచ్చుకొట్టు మీటలు కావలెను. పాఠము చెప్పువానికి తన పుస్తకపు పుటయు, విద్యార్థుల ముఖములును ఒక్కసారి కనబడవలెను. అచట కంప్యూటరు పనిచేయవలెను, ఫోను చూడవలెను.

వైద్యమున దీని విలువ ఇంకను హెచ్చు. భారత ప్రభుత్వపు ఈ-సంజీవని అను దూరవైద్య సేవ 2019 నవంబరులో మొదలైనది. దానిని ముందుగా చేపట్టిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ మొకటి. పల్లెలోని ఆరోగ్య కేంద్రమున రోగి కూర్చుండును. ఎక్కడనో యున్న వైద్యుడు తెరమీద చూచి సలహా చెప్పును. రక్తహీనత గలదో లేదో తెలియుటకు కంటి క్రిందిరెప్ప లోపలి రంగు చూడవలెను. చర్మముపై దద్దు ఎఱ్ఱనా, నల్లనా యని పోల్చుకొనవలెను. ఒడికంప్యూటరు మూత పలుచన. అందు ఇముడు కెమేరా కటకము మిక్కిలి చిన్నది. దానిని పుండు దగ్గఱకు వంచి చూపుటయు కష్టమే. ఫోను వెనుకవైపు కెమేరాకు కటకము పెద్దది, వెలుతురు పట్టు పలక పెద్దది. తీగ పొడవు చాలినంతవఱకు చేతబట్టి దగ్గఱకు తీసికొని పోవచ్చును. చూపు స్పష్టమైనకొలది సలహాయు స్పష్టమగును.

ఇక ఈ పద్ధతి యెట్లు పుట్టెనో కొంచెము చెప్పెదను. 1991లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు కంప్యూటరు ప్రయోగశాలలో కొందఱు పరిశోధకులు ఒక కాఫీ కూజాకు ఎదురుగా కెమేరా నిలిపిరి. కూజాలో కాఫీ యున్నదో లేదో తమ గదులలో కూర్చుండియే తెలిసికొనుట వారి కోరిక. 1993లో ఆ చిత్రము ఇంటర్నెట్టున ప్రపంచమునకెల్ల కనబడెను. వెబ్ కెమేరాలకు అదియే ఆది యందురు. 1996లో యు.ఎస్.బి. పద్ధతి వెలువడెను. వేఱువేఱు పరికరములకు వేఱువేఱు తీగలు, పోర్టులు ఏల యని ఆలోచించి దానిని రూపొందించిన వారిలో మన దేశమున వడోదరలో పుట్టిన అజయ్ భట్ ముఖ్యుడు. 2003లో, యు.ఎస్.బి.తో తగిలించు కెమేరాలన్నియు కంప్యూటరుతో ఒకే భాష మాటలాడవలెనని ఒక కట్టుబాటు ఏర్పడెను. ఆ భాష వచ్చిన కెమేరా నెట్టిదానిని తగిలించినను కంప్యూటరు వెంటనే గుర్తించును. ఫోనునకు ఆ భాష నేర్పినచో ఫోనును కెమేరాయే యగును. మన విషయపు మర్మమంతయు ఇంతియే.

ఒక చిన్న లెక్క చూడుడు. సాధారణమైన చిత్రమునకు అడ్డముగా 1280, నిలువుగా 720 చుక్కలుండును; అనగా మొత్తము 9,21,600 చుక్కలు. చుక్కకు రెండు బైట్ల చొప్పున, సెకనుకు 30 చిత్రములు పంపవలెనన్నచో సెకనుకు 5 కోట్ల 52 లక్షల బైట్లకు పైబడును. 2000లో వచ్చిన యు.ఎస్.బి. 2.0 తీగమీద, ఆగక నడువవలసిన ఒక చిత్రప్రవాహమునకు కేటాయింపదగిన భాగము సెకనుకు సుమారు 2 కోట్ల 46 లక్షల బైట్లు మాత్రమే. మఱి యిది యెట్లు పట్టును? వేరుసెనగకాయలను ఒలిచి గింజలు మాత్రమే సంచికెత్తినచో ఎంత చోటు కలిసివచ్చునో మీకు తెలియును. అట్లే ఫోను ప్రతి చిత్రమును కుదించి, మనకంటికి అంతగా ఆనని భాగమును విడిచి, సారమును మాత్రమే తీగపై పంపును. కంప్యూటరు దానిని మరల విప్పి చూపును.

తీగ లేక గాలిదారినకూడ ఈ చిత్రమును పంపవచ్చును. కాని గాలిదారి పలువురు నడచు దారి. ఇరుగుపొరుగు ఫోనులు, పరికరములు అందే పోవుచుండును. చిత్రము ఆగి ఆగి వచ్చును. మట్టికాలువలో పాఱించిన నీరు సగము దారిలోనే యింకిపోవును. డ్రిప్పు గొట్టములో విడిచిన నీరు చెట్టు మొదటికే చేరును. తీగ యట్టిది. ఫోను నుండి కంప్యూటరు వఱకు సాగు ఈ చిత్రమునకు డేటా ఖర్చు లేదు. కంప్యూటరు నుండి బయటి లోకమునకు పోవునప్పుడు మాత్రమే ఇంటర్నెట్టు కావలెను.

ఇప్పుడు చేయు విధానము. దీనికి మూడు మార్గములు కలవు.

మొదటిది మిక్కిలి సులభము. 2023లో వెలువడిన ఆండ్రాయిడు 14 నుండి కొన్ని ఫోనులకు ఈ విద్య పుట్టుకతోనే వచ్చినది. తీగ తగిలించి, ఫోను తెరను పైనుండి క్రిందికి లాగుడు. యు.ఎస్.బి.ని గుఱించిన ప్రకటన యొకటి కనబడును. దానిని తాకి, వరుసలో వెబ్ కెమేరా అను దానిని ఎంచుకొనుడు. అంతట కంప్యూటరులో మీరు మాటలాడు కార్యక్రమమును తెఱచి, కెమేరాల పట్టికలో ఫోనును ఎన్నుకొనుడు. ఆ ఫోనునందలి వరుసలో ఒకమారు ఒక పనినే ఎంచుకొనవలెను. కావున అదే ఫోను ఇంటర్నెట్టును గూడ ఇయ్యవలసినచో, దానిని తీగమీద గాక హాట్‌స్పాటు ద్వారా ఇచ్చుడు.

రెండవది ఆపిల్ వారి ఫోను, ఆపిల్ వారి కంప్యూటరు రెండును గలవారికి. 2022 నుండి ఆ రెండును తమంతట తామే కలిసి పనిచేయుచున్నవి.

మూడవది పాత ఆండ్రాయిడు ఫోనులకు. డ్రాయిడ్‌క్యామ్, ఇరియన్, క్యామో మొదలగు కార్యక్రమములు కలవు. వీనిని ఫోనులో ఒకటి, కంప్యూటరులో దాని జతది ఒకటి స్థాపింపవలెను. తీగదారిన ఇవి నడచుటకు ఫోను సెట్టింగులలో ఫోను వివరములకు పోయి, బిల్డ్ నంబరు అను పంక్తిని ఏడుమార్లు తాకవలెను. అప్పుడు డెవలపరు ఎంపికలు తెఱచుకొనును, వానిలో యు.ఎస్.బి. డీబగ్గింగు అను మీటను వేయవలెను. తీగ తగిలించినంతనే, ఈ కంప్యూటరును నమ్మెదవా యని ఫోను మిమ్ము అడుగును. ఆ ప్రశ్నకు ఇచ్చు జవాబును గుఱించి కొంచెములో చెప్పెదను.

ఇన్ని చేసినను కంప్యూటరు ఫోనును గుర్తింపనిచో, మొదట తీగను అనుమానింపుడు. సాధారణపు యు.ఎస్.బి. 2.0 తీగలో నాలుగు సన్నని తీగలుండును. రెండు విద్యుత్తును తెచ్చును, రెండు సమాచారమును మోయును. అంగడిలో చౌకగా దొరకు కొన్ని తీగలలో విద్యుత్తు తెచ్చు రెండే యుండును. అట్టి తీగతో ఫోను చార్జి యగుచుండును. చిత్రము మాత్రము రాదు. ఫొటోలను కంప్యూటరునకు ఎక్కించుకొనుటకు పనికివచ్చిన తీగయైనచో నిశ్చింతగా వాడవచ్చును.

మన సీమ యెండను మఱువరాదు. వేసవిలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నమున కెమేరాయు, చార్జియు ఒక్కసారి నడచుచుండగా ఫోను కాగిపోవును. మితిమీరినచో కెమేరా తనంతట తానే ఆగిపోవచ్చును. కావున ఫోను తొడుగు తీసివేయుడు, తెర వెలుగు తగ్గింపుడు, చిత్రమును 720 చుక్కల ప్రమాణముననే యుంపుడు. మాటలాడుకొనుటకు అది చాలును. పాత పోర్టు నుండి వచ్చు 5 వోల్టుల, అర ఆంపియరు విద్యుత్తు ఫోను ఖర్చునకు చాలకపోవచ్చును గనుక ముందే చార్జి చేసికొనుడు. బ్యాటరీ ఉబ్బిన ఫోనును ఈ పనికిగాని, వేఱొక పనికిగాని వాడరాదు.

కిటికీకి వీపు పెట్టి కూర్చున్నచో ముఖము నల్లబడును. వెలుతురు మీకు ఎదురుగా నుండవలెను. ఫోనును అడ్డముగా, కంటి యెత్తున, నాలుగు పుస్తకముల దొంతరకు ఆనించి నిలుపుడు. తీగను బల్లకాలికి వదులుగా కట్టినచో దాని బరువు పోర్టుపై పడదు. కొన్ని ఏర్పాటులలో ఫోను నుండి చిత్రమే వచ్చును గాని ధ్వని రాదు. మైకు గల ఇయర్‌ఫోను నొకదానిని కంప్యూటరునకు తగిలించుకొనుడు. అసలు పనికి ఒకదినము ముందే అంతయు సరిచూచుకొనుట మేలు.

ఇక నమ్మకమును గుఱించి. డీబగ్గింగు మీట వేసి, కంప్యూటరును నమ్మెదనని చెప్పుట యనగా ఇంటి తాళపుచెవి నిచ్చుటయే. ఆ కంప్యూటరు మీ ఫోనులో కార్యక్రమములను స్థాపింపగలదు, తెరను చూడగలదు. నేటి ఫోనులో మన బ్యాంకు లెక్కయు, ఆధారు వివరములును ఉన్నవి. తీగ ద్వారా దొంగతనములు జరుగవచ్చునని రిజర్వు బ్యాంకు 2022లో ప్రకటించిన హెచ్చరికల పుస్తకమునందును గలదు. కావున మీ సొంత కంప్యూటరునే నమ్ముడు. నెట్ సెంటరులోని దానిని నమ్మవలదు. పని ముగిసినంతనే ఆ మీటను ఆర్పుడు. అచటనే యున్న అనుమతుల రద్దు అను పంక్తిని తాకుడు. ఇంట పాత ఫోను ఉన్నచో దానిలోని ఖాతాలు, బ్యాంకు కార్యక్రమములు తుడిచివేసి, సిమ్ము తీసి, దానిని కెమేరా పనికే విడిచిపెట్టుట అన్నిటికంటె క్షేమము. రోగులను చూపు చోట ఈ జాగ్రత్త ఇంకను ముఖ్యము. వారి దేహము, వారి వ్యాధి ఇతరుల కంటబడరాదు.

తీగవలన చిత్రము నిలుకడగ వచ్చునని చెప్పితిని. దానివలన మఱియొక మేలు కలదు. గాలిదారిని నడచు కెమేరా తెఱచియున్నదో మూసియున్నదో సామాన్యునికి సులభముగా తెలియదు. తీగమీది కన్ను అట్లు గాదు. సంభాషణ ముగిసినంతనే తీగ ఊడదీయుడు. ఆ క్షణముననే కంప్యూటరునకు చూపు పోవును. అది పిల్లలకును, పెద్దలకును కనులార తెలియును.

నేడో రేపో మీ గూటిలోని పాత ఫోనును ఒకమారు బయటికి తీసి, తుడిచి, చార్జి చేసి చూడుడు. అది పనిచేసినచో, మీకు అవసరము లేకున్నను, మీ వీధిలో పరీక్ష వ్రాయవలసిన పిల్లవానికి ఒకదినము ఎరువిచ్చుటకైనను పనికివచ్చును.