చక్రాల ఇల్లు - చలికాలపు జాగ్రత్తలు

ఇంటిని వెంటబెట్టుకొని దేశమంతా తిరిగి చూడాలనే కోరిక అమెరికా, కెనడా దేశాలలో ఎంతోమందికి ఉంది. కారు వెనుక తగిలించుకొని పోయే చిన్న చక్రాల ఇల్లు ఆ కోరికను తీరుస్తుంది. దానినే 'ట్రావెల్ ట్రైలర్' అంటారు. పడక, పొయ్యి, కుళాయిలు, స్నానపు గది, నీళ్ళు కాగే తొట్టి ఆ ఇరుకు చోటులోనే అమరి ఉంటాయి. వేసవిలో సరస్సుల ఒడ్డున విడిది చేసిన ఈ ట్రైలరు శీతకాలం రాగానే పెరటిలోనో, అద్దె స్థలంలోనో నిలిచిపోతుంది. మిన్నెసోటా వంటి ఉత్తరాది రాష్ట్రాలలో జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీల సెల్సియస్ దిగువకు పడిపోవడం అరుదు కాదు. అంతటి చలిలో ట్రైలరుకు ఎక్కువ హాని చేసేది దాని గొట్టాలలో మిగిలిపోయిన నీరే.

సాధారణంగా పదార్థాలు చల్లబడినకొద్దీ సంకోచిస్తాయి. నీరు మాత్రం 4 డిగ్రీల వరకు సంకోచించి, ఆపైన వ్యాకోచిస్తుంది. మంచుగడ్డగా మారినపుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. నిండుగా నీరు పోసి మూత బిగించిన గాజుసీసా ఫ్రీజరులో పగిలిపోవడానికి కారణం ఇదే. గొట్టంలో ఏర్పడిన మంచు బిరడావలె అడ్డుపడి, తనకూ మూసిన కుళాయికీ నడుమ చిక్కిన నీటిని నొక్కుతుంది. ఆ ఒత్తిడికి గొట్టాల అతుకులు, కుళాయిలు, పంపు పగులుతాయి. చలికాలమంతా ఆ పగులు ఎవరికీ కనబడదు. వసంతంలో మళ్ళీ నీరు నింపిన నాడు గోడల వెనుక నుంచి కారి, చెక్కను నానబెట్టి, అప్పుడు బయటపడుతుంది.

అందుచేత గడ్డకట్టే చలి రాకముందే నీటిని తీసివేయాలి. మొదట మంచినీటి తొట్టిని, మురుగునీటి తొట్లను ఖాళీ చేస్తారు. నీళ్ళు కాగే తొట్టి పూర్తిగా చల్లారిన తరువాత, కుళాయి తిప్పి ఒత్తిడి తగ్గించి, అప్పుడే దాని బిరడా తీయాలి. తొందరపడితే వేడినీరు ఎగజిమ్మి ఒళ్ళు కాలుతుంది. తరువాత ఆ తొట్టికి దారి మూసి, గడ్డకట్టని గులాబీరంగు ద్రవాన్ని పంపు ద్వారా గొట్టాలలోకి ఎక్కిస్తారు. ప్రతి కుళాయినుండి ఆ రంగు కనబడేవరకు వదలాలి. మురుగు గొట్టాల వంపులలో దుర్వాసనను అడ్డుకొనే నీరు నిలిచి ఉంటుంది కనుక వాటిలోనూ ఆ ద్రవాన్ని పోయాలి. ఇందులో ఉండేది ప్రొపిలీన్ గ్లైకాల్. కార్ల రేడియేటర్లలో సాధారణంగా వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషపదార్థం. దానిని తాగునీటి గొట్టాలలో ఎన్నడూ పోయరాదు.

బ్యాటరీకి కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది. సీసపు బ్యాటరీలో ఛార్జి తగ్గినకొద్దీ ఆమ్లం పలుచబడి నీటి పాలు పెరుగుతుంది. పూర్తిగా ఛార్జి అయిన బ్యాటరీ సున్నాకు 50 డిగ్రీల దిగువన కూడా గడ్డకట్టదు. ఛార్జి అయిపోయినది సుమారు 10 డిగ్రీల దిగువనే గడ్డకట్టి పగులుతుంది. అందుకే దానిని నిండుగా ఛార్జి చేసి, తీగలు విడదీసి ఉంచుతారు. గ్యాసు సిలిండరు మీట కట్టివేస్తారు. తినుబండారాలన్నీ తీసివేసి, ఎలుకలు దూరే సందులను ఉక్కుపీచుతో మూస్తారు.

ఇదంతా ఒక పూట పని. ఆ పూట బద్ధకించినవారు వసంతంలో ప్రయాణం మానుకొని మరమ్మతులకు సొమ్ము వెచ్చించవలసి వస్తుంది. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న మన సామెత చక్రాల ఇంటికి కూడా చెల్లుతుంది.