తూము దగ్గర నేర్చుకునే పాఠం



ఇంజనీరింగులో చేరిన పిల్లలు కంట్రోల్ సిస్టమ్స్ పుస్తకం తెరిచి, లాప్లాస్ పరివర్తనలు చూసి బెదిరిపోతుంటారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో, కాలేజీలో ఇంగ్లీషు. మన సరిహద్దు పిల్లలకు ఆ బెదురు మరికాస్త ఎక్కువ. కాని ఆ శాస్త్రానికి మూలమైన సంగతి మీ మేడమీది నీళ్ల ట్యాంకులోనే ఉంది.

ట్యాంకులో తేలే బంతిని చూసే ఉంటారు. నీటిమట్టం తగ్గితే బంతి దిగి వాల్వును తెరుస్తుంది. మట్టం పెరిగితే బంతి లేచి మూస్తుంది. కావలసిన మట్టానికీ ఉన్న మట్టానికీ గల తేడాయే ఇక్కడ పనిని నడిపిస్తుంది. ఇలా ఫలితాన్ని కొలిచి, ఆ కబురును మళ్లీ మొదటికి చేర్చడాన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. గడియారం చూసి గంటసేపు మోటారు వేస్తే అందులో ఫీడ్‌బ్యాక్ లేదు. ట్యాంకు పొర్లినా మోటారుకు తెలియదు.

ఇందులో ఒక చిక్కుంది. కింద కొళాయి ఆగకుండా కారుతోందనుకోండి. కారినంత నీరు లోపలికి రావాలంటే వాల్వు కాస్త తెరిచి ఉండాలి. అందుకు బంతి కాస్త దిగి ఉండాలి. అంటే మట్టం గీతకు కొంచెం కిందనే నిలిచిపోతుంది. తేడాను ఎప్పటికప్పుడు కూడబెట్టి దిద్దితే ఈ లోటు తీరుతుంది. పుస్తకాల్లో ఇంటిగ్రల్ కంట్రోల్ అన్నది ఇదే.

'దిద్దుబాటే గట్టిగా చేస్తే పోదా?' అంటారేమో. చెరువు తూము దగ్గరికి రండి. నీరు చివరి మడికి చేరడానికి అరగంట పడుతుంది. ఇంకా రాలేదని తొందరపడి తూము మరింత తెరిస్తే, అరగంట తరువాత మడిగట్టు తెగుతుంది. భయపడి పూర్తిగా మూస్తే మడి ఎండుతుంది. కబురు ఆలస్యమయ్యే చోట దిద్దుబాటు మితిమీరితే ఊగిసలాట తప్పదు.

1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి తిరిగే గుండ్ల గవర్నరు అమర్చాడు. వేగం పెరిగితే గుండ్లు విచ్చుకొని ఆవిరిని తగ్గించేవి. తరువాతి కాలంలో కొన్ని గవర్నర్లు కుదురుకోక ఊగిసలాడేవి. ఆ ఊగు ఎప్పుడు అణుగుతుందో, ఎప్పుడు పెరుగుతుందో 1868లో మాక్స్‌వెల్ రేఖీయ సమీకరణాలతో పరిశీలించాడు. రేఖీయమంటే కారణం రెట్టింపైతే ఫలితమూ రెట్టింపు కావడం. పూర్తిగా తెరుచుకున్న వాల్వు ఇక తెరుచుకోదు కనుక, ఏ యంత్రమూ పూర్తిగా అలా ఉండదు. చిన్నచిన్న మార్పుల మేరకు అలా అనుకుంటే లెక్క లొంగుతుంది.

కాబట్టి విద్యార్థులారా, సూత్రాలు బట్టీపట్టే ముందు ఒక బొమ్మ గీయండి. కావలసిందేమిటి, కొలిచేదేమిటి, తేడాను బట్టి కదిలేదేమిటి, ఆలస్యమెక్కడ? ఈ నాలుగూ మీ ఇంటి మాటల్లో చెప్పుకోండి. ఆ తరువాతే అవకలన సమీకరణం రాయండి. దాన్ని బీజగణితంగా మార్చి పని తేలిక చేసే సాధనమే లాప్లాస్ పరివర్తన. బొమ్మ అర్థమైనవారికి అది బెదిరించేది కాదు, చేయూతనిచ్చేది.