అదురుకు అదను కావాలి

ఎలక్ట్రిక్ గిటార్‌కు ట్రెమోలో పెడల్ కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది, దేని సౌండ్ బాగుంటుందని. యూట్యూబ్‌లో రెండు మూడు పెడల్స్‌ను వరసబెట్టి వినిపించే వీడియోలు చూసి తేల్చుకుంటారు. ఆ వీడియోల్లో గిటార్ ఒంటరిగా, చప్పుడు లేని గదిలో మోగుతుంది. అంబర్‌పేట, ఉప్పల్, నాచారం వైపు గిటార్ మోగే చోట్లు వేరు. ఫంక్షన్ హాల్లో ఆర్కెస్ట్రా, వినాయక మండపం పక్కన స్టేజీ, ఆదివారం చర్చి. పక్కనే కీబోర్డు, ప్యాడ్స్, డోలక్ ఉంటాయి. అంత సందడిలో ఏ పెడల్ గొంతు ఎంత తియ్యన అన్నది ఎవరికీ వినపడదు. అది తాళంతో కలిసి నడుస్తోందా, తాళాన్ని తన్నుతోందా అన్నది మాత్రం సంగీతం రానివాళ్లకు కూడా తెలిసిపోతుంది. అందుకే పెడల్‌లో మొదట చూడాల్సింది దాని వేగం మన చెప్పుచేతల్లో ఉంటుందా లేదా అన్నదేనని నా వాదన.

ట్రెమోలో చేసే పని చాలా చిన్నది. గిటార్ శబ్దాన్ని సెకనుకు రెండు నుంచి ఎనిమిది సార్లు దాకా పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, అంతే. ఎంత వేగంగా అన్నది రేట్ నాబ్, ఎంత లోతుగా అన్నది డెప్త్ నాబ్ చూసుకుంటాయి. కొన్నింటిలో వేవ్ అని మరొకటి ఉంటుంది. దాన్ని ఒకవైపు తిప్పితే మెత్తటి ఊపు, మరోవైపు తిప్పితే కత్తిరించినట్టు ఆగి మోగడం. 1940లలో డీఆర్మండ్ కంపెనీ చేసిన పెట్టెలో చిన్న మోటారు ఒక ద్రవాన్ని కదిలిస్తే ఈ అదురు పుట్టేది. 1955లో గిటారిస్టు బో డిడ్లీ రికార్డుతో లోకం విన్నది దాన్నే. అదే ఏడు ఫెండర్ ట్రెమోలక్స్ ఆంప్ వచ్చింది. 1960లలో ఫెండర్ ఆంప్‌లలో చిన్న బల్బు మిణుకుమంటుంటే, వెలుగును బట్టి నిరోధం మారే రెసిస్టర్ (ఎల్‌డీఆర్) శబ్దాన్ని పెంచి తగ్గించేది. 'ఆప్టికల్' అని పెడల్స్ మీద రాసి అమ్మేది ఈ పద్ధతినే. ఇప్పటి కుర్రకారుకు బాగా తెలిసిన ఉదాహరణ కావాలంటే గ్రీన్ డే బృందం 2004లో విడుదల చేసిన 'బులెవార్డ్ ఆఫ్ బ్రోకెన్ డ్రీమ్స్' మొదట్లో వచ్చే గిటార్.

మనకు గమకం ఉండగా ఈ యంత్రపు అదురు ఎందుకని పెద్దవాళ్లు అడగొచ్చు. గమకం స్వరాన్ని కదిలిస్తుంది. ట్రెమోలో స్వరాన్ని ముట్టుకోదు, శబ్దం బలాన్నే కదిలిస్తుంది. కాబట్టి ఒకటి రెండోదాని చోటు ఆక్రమించదు. మాండొలిన్‌లో తీగ మీటగానే నాదం చచ్చిపోతుంది గనుక పడమటి వాద్యకారులు అదే తీగను గబగబా మీటుతూ స్వరాన్ని నిలబెట్టేవారు. దాన్నీ ట్రెమోలో అనే అంటారు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టి, ఆంప్లిఫయర్‌తో నాదాన్ని సాగదీసి, ఆ మీటుడు అవసరం లేకుండానే గమకాలు పలికించారు. ఆయనకు అక్కర్లేకపోయింది చేతి ట్రెమోలో. పెడల్ ట్రెమోలో దారి వేరు, అది లయకు చుట్టం. లయకు చుట్టమైనది లయ తప్పితే ఎంత తీపి గొంతున్నా భరించలేం.

ఎంత తేడా వస్తుందో లెక్క వేయవచ్చు. నిమిషానికి 120 దెబ్బల నడక, దెబ్బకు మూడు అదురులు అనుకుందాం. సెకనుకు ఆరు. రేట్ నాబ్‌ను చెవితో తిప్పి పెట్టినప్పుడు నూటికి మూడు పాళ్లు తేడా రావడం పెద్ద విశేషం కాదు. ఆ మాత్రం తేడాకే పదిహేడో అదురు దగ్గరికి వచ్చేసరికి సగం అదురు జరిగిపోతుంది. అంటే మూడు సెకన్లు తిరక్కుండానే, డోలక్ దెబ్బ పడే చోట గిటార్ మూగబోతుంది. 1984లో ద స్మిత్స్ బృందం 'హౌ సూన్ ఈజ్ నౌ' రికార్డు చేసినప్పుడు గిటారిస్టు జానీ మార్ పడ్డ పాట్లు ఇవే. గిటార్‌ను కొన్ని ఫెండర్ ట్విన్ ఆంప్‌ల గుండా పంపి, వాటి నాబ్‌లను చేత్తో సరిచేస్తూ, తాళం తప్పినప్పుడల్లా టేపు వెనక్కి తిప్పి, ముక్కలు ముక్కలుగా రికార్డు చేశారు. స్టూడియోలో వెనక్కి తిప్పుకోవచ్చు. పెళ్లి స్టేజీ మీద ఆ సదుపాయం లేదు.

దీనికి మందు ట్యాప్ టెంపో. తాళానికి తగ్గట్టు కాలితో రెండు మూడు సార్లు నొక్కితే పెడల్ ఆ వేగం అందుకుంటుంది. డ్రమ్మర్ వేగం పెంచితే మళ్లీ నొక్కుకోవచ్చు. అయితే మన ఊరికి ఇంకో షరతు ఉంది. ఆషాఢంలో అంబర్‌పేట మహంకాళి బోనాలప్పుడు వీధంతా మోగే తీన్‌మార్ నడక మూడు మూడుగా, తిస్ర గతిలో సాగుతుంది. సినిమా పాటల్లోనూ ఆ నడకకు కొదవ లేదు. ట్యాప్ ఉన్నా దెబ్బకు రెండు, నాలుగు అని మాత్రమే పంచే పెడల్ ఇక్కడ పనికిరాదు. నిమిషానికి 360 సార్లు కాలితో నొక్కడం ఎవరి వల్లా కాదు కనుక, దెబ్బను మూడుగా పంచే ఏర్పాటు పెడల్‌లోనే ఉండాలి.

పాత ఆంప్‌లకు ట్యాప్ లేదు కదా, అంత గొప్ప పాటలు రాలేదా అన్నది సరైన ప్రశ్నే. వాటిలో చాలాచోట్ల అదురు పల్చగా ఉంటుంది, లేదా బృందమే గిటార్ ఊపును పట్టుకుని నడుస్తుంది. నెమ్మది పాటకు డెప్త్ తగ్గించి, మెత్తటి ఊపుతో వాడేవాళ్లకు ట్యాప్ అక్కర్లేదని ఒప్పుకుంటాను. ఇంట్లో ఒక్కరే వాయించుకునేవాళ్లకూ అంతే. వాళ్లు నచ్చిన గొంతు చూసి కొనుక్కోవచ్చు. ట్యాప్ ఉన్నవాటికి ఖరీదు ఎక్కువన్నదీ నిజమే. కానీ చేతిలో మల్టీ ఎఫెక్ట్స్ బోర్డు ఉంటే, అందులో ట్రెమోలోకు ట్యాప్ ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే డబ్బు మిగిలినట్టే.

వేగం తర్వాత చూడాల్సింది వాల్యూమ్. డెప్త్ పూర్తిగా పెడితే గుండ్రటి అలకు శబ్దశక్తి ఎనిమిదింట మూడు వంతులకు, అంటే 4 డెసిబెళ్లకు పైగా పడిపోతుంది. 1997 నుంచి నడుస్తున్న బాస్ టీఆర్-2 గట్టి పెడలే గానీ దాని మీద వేవ్, రేట్, డెప్త్ తప్ప లెవెల్ నాబ్ లేదు. నొక్కగానే గిటార్ వెనక్కి పోతుందని వాయించేవాళ్ల ఫిర్యాదు. కీబోర్డు పక్కన నిలబడాలంటే లెవెల్ నాబ్ ఉన్నదే మేలు. ఇక కరెంటు సంగతి. పెడల్స్ చాలావరకు 9 వోల్టులు, అడాప్టర్ పిన్ మధ్య భాగం నెగటివ్. యమహా కీబోర్డు అడాప్టర్ సాధారణంగా 12 వోల్టులు, మధ్యలో పాజిటివ్. సరిపోయింది కదా అని గుచ్చితే పెడల్ కాలిపోవచ్చు. సోల్డరింగ్ వచ్చినవాళ్లకు ఇంకో దారి ఉంది. కోఠి గుజరాతీ గల్లీలో ఎల్‌డీఆర్, ఎల్‌ఈడీ కొనుక్కుని ఆప్టికల్ ట్రెమోలో సొంతంగా చేసుకోవచ్చు. గొంతు బాగానే ఉంటుంది, తాళం బాధ మాత్రం తీరదు.

షాపుకెళ్లేటప్పుడు ఫోన్‌లో ఒక తీన్‌మార్ ట్రాక్ పెట్టుకెళ్లండి. దాంతో పాటు ఒక నిమిషం వాయించి, చివరిదాకా తాళంలో ఉన్న పెడల్‌నే కొనండి.