మొక్కు హన్నాది, పిలుపు సమూయేలుది

సండే స్కూల్లో పిల్లలకు చెప్పే కథల్లో సమూయేలుకు పెద్దపీట. రాత్రివేళ ఎవరో పేరుపెట్టి పిలిస్తే, మందిరంలో తనను పెంచుతున్న యాజకుడు ఏలీయే అనుకుని మూడుసార్లు లేచి పరుగెత్తాడు ఆ పిల్లాడు. పెద్దల మాట వినే పిల్లల్నే దేవుడు పిలుస్తాడని చెప్పి పాఠం ముగిస్తాం. బైబిలు మాత్రం అక్కడ ఆగదు. నాలుగో పిలుపులో దేవుడు చెప్పింది ఏలీ ఇంటి మీదికి రాబోయే శిక్ష గురించి. కొడుకులు యాజకులై ఉండి చేస్తున్న దుర్మార్గం తెలిసీ అడ్డుకోనందుకు ఆ తండ్రికి పడిన తీర్పు అది. సమూయేలు తెల్లారేదాకా పడుకునే ఉన్నాడు. లేచి మందిరం తలుపులు తీశాడు గానీ, పెంచిన పెద్దాయనకు ఆ మాట చెప్పడానికి భయపడ్డాడు. ఏదీ దాచొద్దని ఏలీ గట్టిగా అడిగాకే నోరు విప్పాడు. అంటే అతడు అందుకున్న మొదటి దైవసందేశమే తన పెద్దను తప్పుపట్టింది. ఈ సగం వదిలేసి విధేయత నేర్పితే కథ తలకిందులవుతుంది.

చిన్ననాటి విధేయత వినే చెవిని సిద్ధం చేస్తుంది. ఆ మేలు చిన్నదేమీ కాదు. కానీ అదే పిలుపు కాదు, పెద్దల కోరికకు దైవముద్ర అసలే కాదు. చూపు మందగించి, కన్నకొడుకుల్ని దిద్దుకోలేకపోయిన ఏలీ కూడా మూడోసారికి సంగతి గ్రహించి, పిలుస్తున్నది తాను కాదని తేల్చి పిల్లాణ్ణి వెనక్కి పంపాడు. ఆ ఒక్క పనిలో ఆయన నిజమైన గురువు. పిల్లల ఊహలన్నీ పిలుపులైపోవా అని భయపడేవారికి జవాబు ఇక్కడే ఉంది: పిల్లాడికి తెలియనిది గుర్తుపట్టడానికే పెద్దలు కావాలి. అన్ని విషయాల్లోనూ తల్లిదండ్రులకు లోబడమని పౌలు కొలొస్సయులకు రాయలేదా అంటే, రాశాడు. ఆ వెంటనే పిల్లల మనసు విరిచేయొద్దని తండ్రులనూ హెచ్చరించాడు. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో పరలోక తండ్రి పనిని ముందుపెట్టిన సంగతినీ, ఆపైన నజరేతుకు వెళ్లి అమ్మానాన్నలకు లోబడిన సంగతినీ లూకా పక్కపక్కనే రాశాడు.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం సమూయేలు తల్లి హన్నా మొక్కు. బిడ్డ కడుపున పడకముందే ఆమె దేవుడికి ఇచ్చేసింది కదా! మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లోనూ పుట్టబోయే బిడ్డను సేవకు ఇస్తామని మొక్కుకునేవాళ్లున్నారు. కానీ హన్నా మొక్కు సమూయేలును షిలోహు మందిరం దాకానే తెచ్చింది. అక్కడ పరిచర్య చేస్తున్నప్పటికి కూడా అతడికి యెహోవా ఇంకా తెలియడని గ్రంథమే స్పష్టంగా చెబుతుంది. ఆ తేడాను ఐరోపా సంఘం చాలాకాలం పట్టించుకోలేదు. తల్లిదండ్రులు చిన్నపిల్లల్ని మఠానికి సమర్పించే పద్ధతి ఆరో శతాబ్దపు బెనెడిక్ట్ నియమావళిలోనే ఉంది. అలా ఫుల్డా మఠానికి చేరిన గొట్‌షాల్క్ పెద్దయ్యాక తనను విడిచిపెట్టమని 829లో మైన్జ్ సభను అడిగాడు. సభ సరేనంది. మఠాధిపతి రబానస్ మారస్ ఒప్పుకోక చక్రవర్తి దగ్గరికి వెళ్లాడు. సమర్పించిన బిడ్డ వెనక్కి పోకూడదని ఏకంగా గ్రంథమే రాశాడు. గొట్‌షాల్క్ మఠం మారాడు గానీ సన్యాసం వదల్లేకపోయాడు. చివరికి 1563లో ట్రెంట్ మహాసభ, 16 ఏళ్లు నిండకుండా చేసిన సన్యాస ప్రమాణం చెల్లదని తేల్చింది. ఇంటర్ పూర్తయిన మొక్కుబడి బిడ్డను బైబిలు కళాశాలకు పంపేముందు, నాకు పిలుపు రాలేదని ఆ బిడ్డ ఇంట్లో ధైర్యంగా అనగలదో లేదో కన్నవాళ్లు చూసుకోవాలి. అంటే మాత్రం కోప్పడకూడదు. అంతకన్నా చేదు కబురు విన్న ఏలీ ఆ పిల్లాణ్ణి పల్లెత్తు మాట అనలేదు.