ఒకే తేదీ, రెండు నిర్ణయాలు: హత్య - యుద్ధమరణాల పట్ల ప్రజాగ్రహ స్వరూపం

వ్యాససంగ్రహం: వ్యక్తి హత్యకు గురైనప్పుడు వెల్లువెత్తే ప్రజాగ్రహం, యుద్ధంలో పౌరులు చనిపోయినప్పుడు అదే స్థాయిలో కనిపించదు. 1971లో అమెరికాలో ఒకే రోజు వెలువడిన రెండు నిర్ణయాల ఆధారంగా ఈ వ్యత్యాసాన్ని పరిశీలించి, అందులో భాష పాత్రను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ప్రజాగ్రహం, మైలై, యుద్ధభాష, కర్తృలోపం, స్త్రీపర్వం.

1. ప్రవేశిక

1971 మార్చి 29న లాస్ ఏంజిలిస్‌లో జ్యూరీ ఛార్లెస్ మాన్సన్‌కు, అతని ముగ్గురు అనుచరులకు మరణశిక్ష విధించాలని నిర్ణయించింది. 1969 ఆగస్టులో రెండు రాత్రుల్లో జరిగిన ఏడు హత్యలు ఆ కేసుకు మూలం. మృతుల్లో నటి షారన్ టేట్ నిండు గర్భిణి. అదే మార్చి 29న ఫోర్ట్ బెన్నింగ్‌లోని సైనిక న్యాయస్థానం లెఫ్టినెంట్ విలియం కేలీని కనీసం 22 మంది వియత్నాం పౌరుల హత్యకు దోషిగా తేల్చింది. 1968 మార్చి 16న మైలైలో మరణించినవారు అమెరికా సైన్యం లెక్కలో 347 మంది, వియత్నాం లెక్కలో 504 మంది. వారిలో అత్యధికులు స్త్రీలు, పిల్లలు, వృద్ధులు.

2. రెండు స్పందనలు

మాన్సన్ స్వయంగా ఆ ఏడుగురినీ చంపలేదు, చంపించాడు. అతనికి శిక్ష పడటాన్ని సమాజం న్యాయంగానే భావించింది. కేలీ విషయంలో ఇందుకు భిన్నంగా జరిగింది. గాలప్ సర్వేలో 79 శాతం మంది తీర్పును వ్యతిరేకించారు. యావజ్జీవ శిక్ష పడిన మరునాడే అధ్యక్షుడు నిక్సన్ అతనిని సైనిక జైలు నుండి నివాసగృహానికి మార్చమని ఆదేశించాడు. 1974లో కేలీ పెరోల్‌పై విడుదలయ్యాడు. మాన్సన్ 2017లో మరణించేవరకు ఖైదీగానే ఉన్నాడు. తీర్పును వ్యతిరేకించినవారందరూ హత్యలను సమర్థించారని చెప్పలేము. పైవారిని వదలి ఒక్కడిని బలిచేశారని భావించినవారూ ఉన్నారు. అయితే ఆ భావనలోనూ సానుభూతికి కేంద్రం కేలీయే గాని మైలై మృతులు కారు.

3. చట్టపరమైన ఆక్షేపం

యుద్ధంలో చంపడం, హత్య చేయడం ఒకటి కావని, కనుక స్పందనలోనూ భేదం సహజమని వాదించవచ్చు. సాధారణంగా ఈ వాదనకు బలముంది. కాని మైలై విషయంలో అది నిలువదు. ఆ చర్యను హత్య అని నిర్ధారించింది సైనిక న్యాయస్థానమే. అంటే భేదం చర్యలో లేదు. మృతులు ఎవరన్న దానిలో ఉంది.

4. పేరు, కర్త

లాస్ ఏంజిలిస్ మృతులు ఏడుగురూ పేర్లతో, ఛాయాచిత్రాలతో పాఠకులకు పరిచితులయ్యారు. కేలీపై మోపిన అభియోగాల్లో మైలై మృతులు పేర్లు తెలియనివారు. అంతకుముందు సైన్యం ప్రకటనలో వారు 128 మంది శత్రు సైనికులు. ఛాయాచిత్రాలు 1969 నవంబరులో అచ్చయిన తర్వాతనే ఆ అంకెకు ముఖాలు వచ్చాయి.

తెలుగు వార్తాభాషలోనూ ఇదే ధోరణిని గమనించవచ్చు. ‘చంపాడు’ అన్న క్రియ కర్తను కోరుతుంది. ‘ప్రాణనష్టం సంభవించింది’ అన్న వాక్యానికి చంపినవాడు అక్కరలేదు. భూకంపమూ ‘సంభవిస్తుంది’, వరదలూ ‘సంభవిస్తాయి’. బాంబుదాడిని అదే క్రియతో చెప్పినప్పుడు అది ప్రకృతి వైపరీత్యాల సరసన చేరుతుంది. ప్రకృతిపై ఎవరూ ఆగ్రహించరు.

5. ముగింపు

మహాభారత స్త్రీపర్వంలో ధృతరాష్ట్రుడు మృతుల సంఖ్య అడుగుతాడు, ధర్మరాజు చెబుతాడు. అదే పర్వంలో గాంధారి రణభూమిలో ఒక్కొక్కరినీ గుర్తించి విలపిస్తుంది. శత్రుపక్షంవాడైన అభిమన్యుణ్ణీ, అతని భార్య ఉత్తర దుఃఖాన్నీ విడువదు. అక్కడి మృతులు యోధులే అయినా, లెక్కకూ శోకానికీ మధ్య గల దూరాన్ని ఆ పర్వం స్పష్టం చేస్తుంది. మైలై సంఘటన జరిగిన సన్ మీ స్మారకంలో నేడు 504 పేర్లు చెక్కి ఉన్నాయి. ఒక హత్యపై కలిగే ఆగ్రహం అధికమని ఈ వ్యాసం చెప్పడం లేదు. అది సరిహద్దు వద్ద ఆగిపోతున్నదని మాత్రమే చెబుతున్నది. మృతుని పేరును, చంపినవాని కర్తృత్వాన్ని వాక్యంలో నిలపడం భాషాధ్యయనం చేసేవారు నిర్వర్తించదగిన కనీస బాధ్యత.