రేకీకి బీమా డబ్బు ఇవ్వాలా?

ఖిలా వరంగల్ కోటలో కాపురముండే ఒక మనిషి కీళ్లనొప్పులతో నగరంలోని ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రిలో చేరితే, ఆ ఖర్చును తన ఆరోగ్య బీమా కింద అడగవచ్చు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జనవరిలో ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు ఆయుష్ చికిత్సలను అల్లోపతితో సమానంగా చూడాలి. అదే మనిషి చేతులు ఆనించి చేసే రేకీ చికిత్స చేయించుకుని బిల్లు పెడితే మామూలు పాలసీలో పైసా రాదు. ఆయుష్ జాబితాలో ఆయుర్వేదం, యోగా, ప్రకృతి వైద్యం, యునానీ, సిద్ధ, సోవా రిగ్పా, హోమియో ఉన్నాయి, రేకీ లేదు. ఆయుష్ ఆసుపత్రి అనిపించుకోవాలంటే కనీసం ఐదు పడకలు, రేయింబవళ్లు అర్హతగల వైద్యుడు, రోజువారీ రికార్డులు ఉండాలి. వీటికి తోడు, పనిచేస్తుందనడానికి తగిన వైద్య ఆధారాలు లేని చికిత్సలకు డబ్బు ఇవ్వబోమనే షరతు పాలసీల్లో ఉంటుంది. రేకీ చేసేవారికి ప్రభుత్వం గుర్తించిన డిగ్రీ లేదు, తప్పు జరిగితే నిలదీయడానికి వైద్య మండలి లేదు.

ఇక్కడ రేకీ అభిమానులు ఒక గట్టి ప్రశ్న వేస్తారు. ఆయుష్‌లో ఉన్నవన్నీ పరీక్షల్లో నెగ్గి వచ్చాయా? రాలేదు. ఆ జాబితా చరిత్రను, చట్టాన్ని, కళాశాలలను చూసి తయారైంది, ప్రయోగ ఫలితాలను చూసి కాదు. ఇది ఒప్పుకోవలసిన మాటే. అయితే దీన్నిబట్టి రేకీకి కూడా డబ్బు ఇవ్వాలని తేలదు, ఉన్నవాటిని కూడా పరీక్షకు నిలపాలని తేలుతుంది. ఫ్రాన్స్ ఆ పని చేసింది. అక్కడి ఆరోగ్య ప్రాధికార సంస్థ హోమియో మందులను పరిశీలించి, తగినంత ప్రయోజనం కనబడలేదని 2019లో తేల్చింది. 2021 జనవరి నుంచి వాటికి ప్రజాధనం చెల్లించడం ఆపేశారు. బీమా నిధి ఊరంతా కలిసి వేసుకున్న చందా లాంటిది. అందులోంచి ఒకరికి ఇచ్చే ప్రతి రూపాయీ మిగతావారి ప్రీమియం నుంచే వస్తుంది గనుక, ఎందుకు ఇస్తున్నారని అడిగే హక్కు అందరికీ ఉంటుంది.

ఇక రేకీ సంగతి. జపాన్‌లో మికావో ఉసుయి 1922లో దీన్ని మొదలుపెట్టాడు. చేతులు ఆనించి లేదా కాస్త పైన ఉంచి, ప్రాణశక్తిని రోగిలోకి ప్రవహింపజేస్తామంటారు. ఆ శక్తిని ఇంతవరకు ఏ పరికరమూ కొలవలేదు. కొలవలేకపోయినా ఫలితం ఉంటే చాలు కదా అనవచ్చు. నిజమే, ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో తెలియక ముందే దశాబ్దాలపాటు వాడారు. కాబట్టి ఫలితాన్నే చూద్దాం. అమెరికాలో కీమోథెరపీ తీసుకుంటున్న 189 మందిని మూడు గుంపులు చేసి జరిపిన ప్రయోగాన్ని 2011లో ప్రచురించారు. ఒక గుంపుకు అసలు రేకీ, ఇంకొక గుంపుకు రేకీ నేర్చుకోని మనిషి అవే భంగిమలతో చేసిన ఉత్తుత్తి రేకీ, మూడో గుంపుకు మామూలు సేవ మాత్రమే అందాయి. అసలు రేకీ పొందినవారికి హాయి పెరిగింది. ఉత్తుత్తి రేకీ పొందినవారికి కూడా పెరిగింది! ఫైబ్రోమయాల్జియా నొప్పితో బాధపడే 100 మందిపై జరిగిన మరో పరీక్షలో అసలైనదీ నకిలీదీ రెండూ నొప్పిని తగ్గించలేదు. ఆందోళన, కుంగుబాటు విషయంలో రేకీపై వచ్చిన పరిశోధనలను 2015లో వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ సమీక్షకులు వెతికితే లెక్కలోకి తీసుకోదగినవి మూడే దొరికాయి. ఉపయోగం ఉందనీ లేదనీ చెప్పడానికి అవి చాలవన్నారు.

ఆ 189 మంది ప్రయోగం నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. రోగులు హాయి కలిగిందని అబద్ధం చెప్పలేదు. కీమో మందు ఎక్కుతున్నంతసేపూ ఒక మనిషి తమకోసమే పక్కన ఉండడం వాళ్లకు నిజంగా ఊరట ఇచ్చింది. ఆ మనిషి రేకీ నేర్చుకున్నాడా లేదా అన్నది మాత్రం తేడా తేలేదు. అలాంటప్పుడు బీమా డబ్బు దేనికి ఇవ్వాలి? రేకీ నేర్చుకున్నవారి ఫీజుకా, ఆ తోడుకా?

హాని లేదు, చవక, ఇస్తే పోయేదేముంది అనే వాదనకు కూడా బదులు చెప్పాలి. చెయ్యి ఆనించినంత మాత్రాన ఎవరికీ ఏమీ కాదు. అయితే బీమా చెల్లిస్తే అది వైద్యమేనన్న ముద్ర పడుతుంది, ఆ ముద్రను నమ్మి అసలు వైద్యం మానుకునేవారు ఉంటారు. ఇతర భాగాలకు పాకని క్యాన్సర్‌కు ప్రత్యామ్నాయ వైద్యాన్ని మాత్రమే ఎంచుకున్న 281 మంది అమెరికన్ రోగుల వివరాలు 2018లో వెలువడ్డాయి. మామూలు వైద్యం చేయించుకున్నవారితో పోలిస్తే వాళ్లలో మరణ ప్రమాదం రెండున్నర రెట్లు ఉంది.

రోగులు రేకీ వైపు వెళ్లడానికి కారణం మూఢత్వం అనుకోవడం అన్యాయం. కిక్కిరిసిన ఓపీలో రెండు నిమిషాలు దొరికే రోగికి, గంటసేపు తనతోనే గడిపే మనిషి దొరికితే వెళ్లకుండా ఎలా ఉంటాడు? ఆ లోటును పూడ్చే పద్ధతి వైద్యంలోనే ఉంది. నొప్పి తగ్గించి ఊరటనిచ్చే పాలియేటివ్ సేవ కోసం కేరళ 2008లోనే ప్రత్యేక విధానం తెచ్చి, నర్సులను రోగుల ఇళ్లకు పంపుతోంది. మన పాలసీలు చాలావరకు ఆసుపత్రిలో 24 గంటలు పడుకుంటేనే కదులుతాయి, ఇంటికొచ్చి గాయం కడిగి, మార్ఫిన్ మోతాదు చూసి, కుటుంబంతో మాట్లాడి వెళ్లే నర్సు ఖర్చు వాటిలో సాధారణంగా ఉండదు. ఐఆర్‌డీఏఐ తన తర్వాతి ఆదేశంలో చేర్చవలసింది ఆ ఖర్చును.